జిల్లా ప్రథమ నొప్పి

ఎత్తు కొలిచే కర్ర పోయింది ఒక సోమవారం నాడు. జిల్లా బాల వృద్ధి పర్యవేక్షణ సంస్థ ఆ రోజు కల్యాణమండపంలోంచి పాత పశువుల ఆసుపత్రి భవనంలోకి మారింది. సామానంతా రెండు ట్రాక్టర్లలో వచ్చింది. బీరువాలు వచ్చాయి, సంచాలకుల బల్ల వచ్చింది, ప్రారంభోత్సవంలో మిగిలిపోయిన రిబ్బను చుట్ట కూడా వచ్చింది. కర్ర రాలేదు. మొదటి ట్రాక్టరు వాళ్ళు అది రెండోదాంట్లో వస్తోందనుకున్నారు. రెండో ట్రాక్టరు వాళ్ళు మొదటిదాంట్లో ముందే వెళ్ళిపోయిందనుకున్నారు. దారిలో ఎవరో అరటిగెలకి ఊతంగా పెట్టుకుని ఉంటారని గుమాస్తా అన్నాడు గానీ, ఆ మాట కాగితం మీద పెట్టలేదు.

కర్రే కదా అనుకోవడానికి లేదు. రాజధానిలో సరిచూసి, ముద్ర వేసి, పెట్టెలో పెట్టి పంపిన కర్ర అది. జిల్లాకి ఒక్కటే. దానితో కొలిస్తేనే పిల్లవాడి ఎత్తు ఎత్తు. బడి గోడ మీద గీసిన గీతలు, దర్జీ టేపు, తలుపు గడియ అందిందా లేదా అన్న లెక్క ఇవేవీ చెల్లవని సంస్థ పుట్టిన మొదటి వారంలోనే ఉత్తర్వు వచ్చింది. కాబట్టి ఆ సోమవారం మధ్యాహ్నం నుంచి జిల్లాలో ఏ పిల్లవాడి ఎత్తూ ఎవరికీ తెలియకుండా పోయింది. పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో వాళ్ళు పెరుగుతూనే ఉన్నారు.

గురువారం ప్రధానోపాధ్యాయులందరికీ సమావేశం అన్నారు. గెడ్డవలస ప్రాథమిక పాఠశాల నుంచి కూర్మారావు మాస్టారు వెళ్ళారు. ఆ బడికి ఆయనే ప్రధానోపాధ్యాయుడు, ఆయనే రెండో ఉపాధ్యాయుడు కూడా. రెండో పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. ఆయన ఎక్కడికెళ్ళినా అనవసరంగా మాట్లాడే మనిషి కాదు. భార్య నీలవేణి పోయిన ఈ ఏడు నెలల్లో అవసరమైన మాటలు కూడా కొంచెం తగ్గాయి.

సమావేశం గదిలో కుర్చీలు లేవు. పైకప్పు మూడు చోట్ల కారుతోంది. గోడ మీద ఆవు పొట్ట లోపలి భాగాల పటం ఒకటి పాత ఆసుపత్రి వాళ్ళు వదిలేసింది అలాగే ఉంది. మాస్టార్లు నీళ్ళు పడే చోట్లు వదిలేసి గుంపులుగా నిలబడ్డారు.

సంచాలకులు హేమసుందరం గారు వచ్చారు. అంతకు ముందు ఆయన శీతల గిడ్డంగుల విభాగంలో పనిచేశారు. అక్కడ పెట్టింది పెట్టినట్టే ఉండటం సమర్థత. ఇక్కడ పెరగాలి. ఈ మార్పుకి ఆయన ఇంకా అలవాటు పడుతున్నారు.

"మిత్రులారా, మన సంస్థ వయసు ఆరు నెలలు. కుర్చీలు లేకపోవడం, కప్పు కారడం, ఇవన్నీ ఎదిగే నొప్పులు. వీటిని లోపాలుగా కాక ఎదుగుదలకి సంకేతాలుగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను," అన్నారు.

అందరూ స్వీకరించారు.

"ఇక కర్ర విషయం. కొత్త కర్ర మంజూరుకి పద్దెనిమిది మాసాలు పట్టవచ్చు. త్రైమాసిక నివేదికకి పన్నెండు రోజులే గడువు. అయితే పరిష్కారం లభించింది. మొన్న మా చిన్నవాడు కాళ్ళ నొప్పులని ఏడిస్తే మా అత్తగారు 'ఎదిగే పిల్లాడికి నొప్పులు రావా' అన్నారు. ఆవిడ ఏడుగురు పిల్లల్ని పెంచారు. అంటే నిపుణుల అభిప్రాయం కూడా మన వద్ద ఉన్నట్టే. ఎత్తు కొలవలేము. నొప్పి కొలవగలము. నొప్పి ఉన్నచోట ఎదుగుదల ఉంది, లేనిచోట లేదు. దీనికి వృద్ధి వేదన సూచిక అని నామకరణం చేశాము."

వెనక గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు. కూర్మారావు మాస్టారు చెయ్యెత్తారు.

"నొప్పి లేకుండా పెరిగే పిల్లలు కూడా ఉంటారు కదండీ."

"ఉండవచ్చు మాస్టారూ. కానీ రుజువేది?"

మాస్టారు ఆలోచించారు. రుజువు చేయడానికి కర్ర కావాలి. ఆయన చెయ్యి దించేశారు.

మర్నాడు బడిలో ఫారాలు పంచారు. ఎన్ని రాత్రులు నొప్పి వచ్చింది, ఏడ్చాడా, మూలిగాడా, ఊరికే అటూ ఇటూ దొర్లాడా అని గళ్ళు. పదికి మార్కులు. నలభై ఒక్కమంది పిల్లల్ని కూర్చోబెట్టి, కాళ్ళ నొప్పులు ఎవరికి వస్తున్నాయో చెప్పమన్నారు మాస్టారు. నాలుగు చేతులు లేచాయి.

అయిదో తరగతి తవిటినాయుడు లేచి, "మేస్టారండి, కడుపునొప్పి సెల్లుద్దా అండి?" అన్నాడు.

"చెల్లదు. కూర్చో."

తవిటినాయుడు కూర్చున్నాడు. ఆ ఏడు వాడు జానెడు పెరిగాడు. కిందటేడాది కుట్టిన పొడుగు లాగు కాస్తా పిక్కల మధ్యకి వచ్చింది. నొప్పి మాత్రం ఎన్నడూ లేదు. మాస్టారు నాలుగే రాశారు. ఉన్నది నాలుగే.

వారం తిరక్కుండా సంజాయిషీ నోటీసు వచ్చింది. గెడ్డవలస పాఠశాలలో నూటికి తొంభైమంది బాలబాలికల ఎదుగుదల స్తంభించినట్లు గమనించడమైనదని, దానికి ప్రధానోపాధ్యాయుడే బాధ్యుడని అందులో ఉంది. తవిటినాయుడి పేరు ప్రత్యేకంగా రాశారు. "సున్నా నొప్పి. ఎదగని బాలుడు. పాత కొలతలకే దుస్తులు కుట్టించవలెను." పక్క ఊరి బడికి నూటికి నూరు వచ్చింది. నూటికి నూరేమిటి, అక్కడ పిల్లలు ముప్పైమంది, నొప్పులు ముప్పైరెండు.

నోటీసు పట్టుకొచ్చినవాడు ప్రణీత్. సంస్థలో వృద్ధి పరిశీలకుడు. పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడే. చేతిలో పలకంత ఫోను, మెడలో గుర్తింపు కార్డు. ఎండలో బైకు మీద వచ్చి, మాస్టారు ఇచ్చిన మజ్జిగ తాగి, నెమ్మదిగా అన్నాడు.

"కాస్త సహకరించండి మాస్టారూ. మీ బడి వల్ల మండలం సగటు పడిపోతోంది."

"పిల్లలు బాగానే ఉన్నారు బాబూ."

"అదేనండి ఇబ్బంది."

ఫోనులో ఇంకో గడి మిగిలి ఉంది. ప్రణీత్ మొహమాటంగా, "సిబ్బందిక్కూడా పెట్టారండి ఈసారి. మీకేమన్నా నొప్పి ఉందా?" అన్నాడు.

మాస్టారు మజ్జిగ గ్లాసు తీసి కిటికీలో పెట్టారు.

"నమోదు చేయదగ్గది కాదు బాబూ."

ప్రణీత్ 'లేదు' అని నొక్కాడు.

తర్వాత నెలలో పనులు చకచకా సాగాయి. నొప్పి ఉన్న పిల్లలకి మధ్యాహ్నం ప్రోత్సాహక గుడ్డు అని ఒకటి అదనంగా పెట్టారు. ఆ కబురు వచ్చిన రోజు బడిలో నాలుగు నొప్పులున్నవి మర్నాటికి ముప్పైనాలుగయ్యాయి. ముప్పైనలుగురూ కుంటుతూ వచ్చారు. పొద్దున్న ఎడమకాలు కుంటినవాడు భోజనం గంటకి ఏ కాలో మర్చిపోయి కుడికాలు కుంటేవాడు. గుడ్డు తిన్నాక ఆటల గంటలో ఎవరికీ ఏ కాలూ నొప్పి ఉండేది కాదు. ఒకటో తరగతి పిల్ల ఒకతె మోచేయి పట్టుకుని కుంటింది. ప్రణీత్ ఫోనులో మోచేయికి గడి లేదు గనక దాన్ని మోకాలి కింద నమోదు చేశాడు.

దాంతోపాటు మర్దనా నిషేధం వచ్చింది. రాత్రిపూట పిల్లల కాళ్ళకి నూనె రాసి పిసకడం వల్ల నొప్పి తగ్గుతున్నదని, నొప్పి తగ్గితే ఎదుగుదల తగ్గినట్టే లెక్క గనక తల్లులు ఆ పని మానుకోవలెనని దండోరా వేయించారు. ఆ దండోరా విన్నాక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆదిలక్ష్మి బడికి వచ్చి మాస్టారిని నిలదీసింది.

"ఏటండి మేస్టారూ, నా గుంట కాలు నాను పిసుక్కోడానికీ ఆఫీసోళ్ళ సెలవు కావాలేటండి?"

"నేను పెట్టిన నిబంధన కాదమ్మా."

"మీరు పెట్టినేదని తెల్సండి. మీరు సదువుకున్నోరు కదా, ఇది రాసినోడికి పిల్లలున్నారో నేదో సెప్పండి."

"ఉన్నారు. చిన్నవాడికి కాళ్ళ నొప్పులట."

"ఆడి కాళ్ళెవులు పిసుకుతన్నారో మరి," అని ఆదిలక్ష్మి కొంగు దులుపుకుని పనికి వెళ్ళిపోయింది.

సంస్థలో కూడా ఈ సిద్ధాంతం బాగా పట్టింది. రాజధాని నుంచి సంస్థనే తనిఖీ చేస్తారని తెలిసింది. సంస్థ ఎదుగుతోందని చూపాలంటే సంస్థకి నొప్పులుండాలి. హేమసుందరం గారు పైకప్పు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీని వెనక్కి పంపేశారు. మూడు చోట్ల కారే కప్పు అయిదు చోట్ల కారితే ఎదుగుదల అరవై ఏడు శాతం అని గుమాస్తా లెక్క తేల్చాడు. ఇంతలో వచ్చిన కుర్చీల్లో రెండు విరిగితే వాటికి నంబర్లు వేసి గోడ పక్కన ప్రదర్శనకి పెట్టారు. మరుగుదొడ్డి తలుపు ఊడిపోయిన రోజున మిఠాయి పంచారని ప్రణీత్ చెప్పాడు గానీ, నవ్వలేదు.

ఆ నెలాఖరునే మూడో తరగతి లోహిత కుంటడం మొదలుపెట్టింది.

లోహిత ఆదిలక్ష్మి కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. అప్పటిదాకా గుడ్డు వరసలో నిలబడని ఏడుగురిలో ఒకతె. "మీయమ్మ అబద్ధమాడొద్దందేటే?" అని తవిటినాయుడు ఏడిపించేవాడు. "నీకు మాత్తరం ఎవులన్నారు?" అనేది. తవిటినాయుడూ ఆ ఏడుగురిలోనివాడే. వాడికి కుంటడం చేతకాదు.

ముప్పైనలుగురు కుంటుతున్న బడిలో ముప్పై అయిదో పిల్ల కుంటితే ఎవరి కంటా పడదు. మాస్టారి కంట కూడా మూడు రోజులు పడలేదు. ఆ సంగతి ఆయన తర్వాత చాలాసార్లు తలుచుకున్నారు. నాలుగో రోజు ఆటల గంటలో అందరి కాళ్ళూ బాగైపోయి పరుగెడుతుంటే, లోహిత అరుగు మీద కూర్చుని ఉంది.

"వెళ్ళి ఆడుకోలేదేం?"

"కాలండి."

"ఏ కాలు?"

"ఇదేనండి. ఎప్పుడూ ఇదేనండి."

కుడికాలు. మాస్టారు పక్కన కూర్చున్నారు. నీలవేణి ఉన్న రోజుల్లో వీధిలో ఏ పిల్లకి కాళ్ళ నొప్పులొచ్చినా తీసుకొచ్చి ఆవిడ ముందు కూర్చోబెట్టేవారు. ఆవిడ నువ్వుల నూనె వెచ్చ చేసి రాసేది. రాసే ముందు మూడు ప్రశ్నలు అడిగేది. రెండు కాళ్ళా, ఒకటా? పొద్దున్నకి పోతోందా, ఉంటోందా? పరిగెడుతున్నావా, కూర్చుంటున్నావా? రెండు కాళ్ళకీ వచ్చి, పొద్దున్నకి పోయి, పరిగెట్టనిస్తే అది పెరిగే నొప్పి, నూనె చాలు అనేది. కాకపోతే నూనె గిన్నె పక్కన పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళమనేది. పక్క గదిలో పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ మాస్టారు ఆ ప్రశ్నలు కొన్ని వందలసార్లు విని ఉంటారు. ఎప్పుడూ తలెత్తి చూసినట్టు గుర్తులేదు.

"పొద్దున్నే లేచేసరికి నొప్పి ఉంటోందా?"

"ఉంటందండి. కాలు కింద పెట్టనివ్వటం నేదండి."

సాయంత్రం మాస్టారు ఆదిలక్ష్మి ఇంటికి వెళ్ళారు. ఆవిడ జీడిపిక్కల నూనె మరకలు పడ్డ చేతులు బూడిదతో తోముకుంటోంది.

"పెరుగుతంది కదండి మేస్టారూ. ఆఫీసబ్బాయొచ్చి సూసి ఎంతో సంతోషపడ్డాడు. పొగలూ రాత్తిరీ నొప్పున్న గుంట జిల్లాలోనే నేదట. తొమ్మిదిన్నర ఏసేడట."

"ఆసుపత్రికి తీసుకెళ్ళాలమ్మా. ఇది పెరిగే నొప్పి కాదు."

ఆదిలక్ష్మి చేతులు తోమడం ఆపింది. "మీకెలగ తెల్సండి?"

"మా ఇంట్లో ఆవిడ అడిగే ప్రశ్నలు అడిగాను."

ఆ వీధిలో ఆ మాట చాలు. "రేప్పొద్దున్నే ఎల్దామండి," అంది ఆదిలక్ష్మి.

పొద్దున్నకి పిల్లకి జ్వరం కూడా తగిలింది. ఫ్యాక్టరీకి సెలవు చెప్పి, ఆటో మాట్లాడుకుని ముగ్గురూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. డాక్టరమ్మ పేరు చూసి, కంప్యూటరులో ఏదో చూసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ పాప నొప్పి నమోదైంది మాస్టారూ. జిల్లా ప్రథమ నొప్పి. శుక్రవారం మంత్రిగారి చేతుల మీదుగా బహుమతి. అప్పటిదాకా ముట్టుకుంటే నాకు మెమో వస్తుంది. నమోదైన నొప్పిని తగ్గిస్తే తొలగించిన ఎదుగుదల కింద రాస్తారు."

"ఇయాల బుధవారమండి," అంది ఆదిలక్ష్మి.

"తెలుసమ్మా." డాక్టరమ్మ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "కళ్ళతో చూడొద్దని మాత్రం రాయలేదు." అరికాలు కేసి వంగి చూసింది. మడమ పక్కన వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. డాక్టరమ్మ మొహం మారింది.

"శుక్రవారం దాకా ఆగితే చీము పైకి పాకుతుంది. నొప్పి విడుదల పత్రం అని ఒకటుంది, సంచాలకుల సంతకంతో. అది తెండి. నాలుగింటి దాకా ఉంటాను. ఈలోగా జ్వరానికి మాత్ర ఇస్తాను. జ్వరం మీద ఇంకా ఉత్తర్వు రాలేదు."

"ఆ కాయితం రాపోతే?" అంది ఆదిలక్ష్మి.

"రాకపోయినా నాలుగింటికి కోస్తాను," అంది డాక్టరమ్మ. "కానీ మర్నాటి నుంచి ఇక్కడ డాక్టరు ఉండదు. మిగతా నొప్పులు ఎవరు చూస్తారో తెలీదు. అందుకని తెండి."

మాస్టారు బస్సెక్కారు. ముప్పై కిలోమీటర్లు. సంస్థకి చేరేసరికి ఒకటిన్నర. హేమసుందరం గారు గొడుగు కింద కూర్చుని సంతకాలు పెడుతున్నారు. ఆకాశం మబ్బు లేకుండా ఉంది. కప్పు మీద తొట్టి పగిలిందిట, అది ఆరో నొప్పి.

"రండి మాస్టారూ. మీ బడి మాకు గర్వకారణం. ఎక్కడి తొంభై శాతం స్తంభన, ఎక్కడి జిల్లా ప్రథమం."

"ఆ పిల్ల నొప్పి విడుదల చేయాలండి. కాలు వాచింది. జ్వరం ఉంది."

"వాపు అంటే పరిమాణం పెరగడమే కదా."

"పుండు పడిందండి."

హేమసుందరం గారు కలం మూత పెట్టారు. "మాస్టారూ, మీ ఆవేదన నేను అర్థం చేసుకోగలను. కానీ ఒకసారి నమోదయ్యాక ఆ నొప్పి ఆ బాలికది మాత్రమే కాదు. అది జిల్లాది. జిల్లా నొప్పిని శుక్రవారానికి రెండు రోజుల ముందు ఒక వ్యక్తి కోసం తీసివేయడం సమంజసమా? రెండు రోజులు. ఏ ఎదుగుదలకైనా ఆ మాత్రం ఓపిక ఉండాలి."

కూర్మారావు మాస్టారికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకి కోపం వచ్చినప్పుడల్లా చేసిన పని ఒకటే. తెల్ల కాగితం అడిగారు. ఈలోగా కుర్చీలన్నీ విరిగి ప్రదర్శనకి చేరడంతో కిటికీ గట్టు మీద పెట్టి రాశారు. ఒక్క కొట్టివేత లేదు.

"అయ్యా, తమరు నమోదు చేసిన నొప్పి సదరు బాలిక కుడికాలికి మాత్రమే ఉన్నదని మనవి. తమ సిద్ధాంతం ప్రకారం నొప్పి ఉన్నచోట ఎదుగుదల ఉన్నది, లేనిచోట లేదు. కనుక బాలిక కుడికాలు ఎదుగుచున్నది, ఎడమకాలు ఎదుగుట లేదు. గత అయిదు రోజులుగా ఇదే స్థితి. శుక్రవారం నాటికి రెండు కాళ్ళ మధ్య ఏర్పడు వ్యత్యాసమునకు ఎవరి అనుమతి ఉన్నదో తెలియజేయ ప్రార్థన. వేదికపై బాలిక నిలుచున్నప్పుడు మంత్రివర్యులు గమనించు అవకాశము ఉన్నది."

హేమసుందరం గారు ఒకసారి చదివారు. గొడుగు సరిచేసుకుని ఇంకోసారి చదివారు.

"ఒక్క కాలేనా?"

"ఒక్క కాలేనండి."

"ఎడమకాలికి కూడా కొంచెం ఉందని రాయవచ్చు కదా మాస్టారూ."

"రాయవచ్చండి. కానీ లేదు."

"ఇది అసమ వృద్ధి," అన్నారు హేమసుందరం గారు మెల్లగా. ఆయన మొహంలో రంగు తగ్గింది. "సంస్థ పర్యవేక్షణలో ఉన్న బాలికకి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి. తనిఖీలో ఇదే అడుగుతారు. ఒక కాలికి అనుమతి ఎవరిచ్చారంటారు. ప్రణీత్, ఇది నమోదు చేసింది ఎవరు?"

"నేనేనండి. మీరు సంతకం పెట్టారండి," అన్నాడు ప్రణీత్. వాడు కాగితం కేసి చూస్తున్నాడు. పెదవి కొరుక్కుంటున్నాడు.

అయిదు నిమిషాల్లో ఉత్తర్వు తయారైంది. "గెడ్డవలస బాలిక కుడికాలిలోని అనధికార వృద్ధిని తక్షణమే నిలుపుదల చేయుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ఎడమకాలు అందుకొనిన పిదప తిరిగి ప్రారంభించవచ్చును." ముద్ర కనపడలేదు. ముద్ర పోవడం ఏడో నొప్పి కింద రాయబోతుంటే గుమాస్తా చొక్కా జేబులో దొరికింది.

ఇంకో గంట దాకా బస్సు లేదు. ప్రణీత్ బయటికొచ్చి బైకు తీశాడు. "ఎక్కండి మాస్టారూ," అన్నాడు. ఊరు దాటాక, "తొమ్మిదిన్నర వేసింది నేనేనండి," అన్నాడు.

"బండి జాగ్రత్తగా నడుపు నాయనా," అన్నారు మాస్టారు.

మూడుంబావుకి చేరారు. డాక్టరమ్మ కాగితం చదివి, కాళ్ళ గురించిన వాక్యం దగ్గర ఆగి మాస్టారి కేసి చూసింది. చేతులు కడుక్కుని, మత్తు సూది పొడిచి, చిన్న గాటు పెట్టింది. లోహిత తల్లి చెయ్యి పట్టుకుని, "అయిపోనాదా? అయిపోనాదా?" అని అడుగుతూనే ఉంది. చీముతోపాటు బయటపడింది ముల్లు. వేలి కణుపంత పొడుగు, నల్లగా. సర్కారు తుమ్మ ముల్లు.

"ఓలమ్మ," అంది ఆదిలక్ష్మి. "ఇదా పెరుగుతంది?"

ప్రణీత్ గుమ్మం దగ్గర నిలబడి, ఫోనులో తొమ్మిదిన్నరని చెరిపేయడానికి ప్రయత్నించాడు. చెరిపే గడి లేదు. 'నిలుపుదల' అని నొక్కాడు.

"మేస్టారండి," అంది లోహిత కట్టు కేసి చూసుకుంటూ, "మరి నాకు గుడ్డు రాదేటండి?"

మర్నాడు మాస్టారు ఇంటి నుంచి రెండు గుడ్లు ఉడికించి తెచ్చారు. ఒకటి లోహితకి. ఇంకోటి తవిటినాయుడికి, ఏ నొప్పీ లేనందుకు. వాడు నమ్మలేక గుడ్డుని రెండుసార్లు వెనక్కి ఇచ్చాడు.

శుక్రవారం సభ ఆగలేదు. ప్రథమ నొప్పి నిలుపుదల కావడంతో బహుమతి రెండో స్థానానికి దక్కింది. అది పక్క ఊరి బడిలోని ముప్పైరెండో నొప్పి. ఆ నొప్పికి బాలుడెవరూ లేకపోవడంతో వాళ్ళ ప్రధానోపాధ్యాయుడే వేదికెక్కి, కొంచెం కుంటి, జ్ఞాపిక పుచ్చుకున్నాడు. మంత్రిగారు ఆయన భుజం తట్టి, ఇంకా ఎదగాలని ఆశీర్వదించారు. ఆ సంవత్సరం జిల్లాకి ఎదుగుదలలో రాష్ట్రంలో ద్వితీయ స్థానం వచ్చింది. ప్రథమ స్థానం వచ్చిన జిల్లా సంస్థకి కప్పే లేదట.

ఆ ఆదివారం మాస్టారు లోహిత బడికి వచ్చే దారి వెంట నడిచారు. ముల్లు ఎక్కడ దిగిందో చూద్దామని. ఊరి చివర జీడితోట గట్టు మీదుగా పిల్లల అడ్డదారి ఉంది. పది నిమిషాల్లో బడికి చేరతారు. రోడ్డు మీదుగా వస్తే అరగంట. ఆ గట్టుకి అడ్డంగా కొత్తగా కంప వేసి ఉంది. సర్కారు తుమ్మ కొమ్మలు, నడుమెత్తు. మధ్యలో పిల్లలు దూరే కంత. కంత కింద నేలంతా ఎండు ముళ్ళు. పక్కన కర్రకి కట్టిన రేకు బోర్డు. "వృద్ధి భవన్ నిర్మాణ స్థలం. జిల్లా బాల వృద్ధి పర్యవేక్షణ సంస్థ. పిల్లలు ప్రవేశించరాదు."

సోమవారం మాస్టారు తెల్ల కాగితం మీద, మామూలుగానే ఒక్క కొట్టివేత లేకుండా, కంప తీయించమని రాశారు. పదిహేను రోజులకి జవాబు వచ్చింది. కంప నిర్మాణ విభాగం పరిధిలోనిదని, నిర్మాణ విభాగం ఇంకా ఏర్పడలేదని, ఏర్పడిన వెంటనే తగు చర్య తీసుకొనబడునని. ఇవి ఎదిగే నొప్పులుగా భావించి సహకరించవలెనని కింద ఒక వాక్యం.

లోహిత కాలు మానింది. మూడో వారానికి కట్టు తీసేశారు, నాలుగో వారానికి ఆటల గంటలో అరుగు మీద ఎవరూ లేరు. తల్లి రోడ్డు మీదుగా వెళ్ళమంటుంది, పిల్ల గట్టు మీదుగానే వస్తుంది. ఒక్క లోహితే కాదు, అందరూ. మాస్టారు పొద్దున్నే అరగంట ముందు బయలుదేరి, చీపురుతో కంత కింద ముళ్ళు ఊడ్చి, పక్కకి పోగేసి బడికి వస్తారు. కొన్నాళ్ళుగా ప్రణీత్ కూడా తనిఖీకి వచ్చే రోజుల్లో ముందొచ్చి రెండో చీపురు పట్టుకుంటున్నాడు. రాత్రి గాలికి మళ్ళీ రాలతాయి.

కంప మాత్రం ఇంకా తీయలేదు.